భవిత మోచెయ్యి

లండన్, ఒంటారియో, కెనడా
15 సెప్టెంబరు 2024

నా మొహాన ఫోన్ పెట్టేసిన అక్కకు,

తమ్ముడు ఎలియాజరు వందనాలు. నిన్న ముందు ఫోన్ పెట్టేసింది నువ్వే, నేను కాదు. నీ మరదలు పక్కనే ఉండి విన్నది, కావాలంటే సాక్ష్యం చెబుతానంటోంది. చిన్నప్పుడు మనం కొట్టుకుంటుంటే అమ్మ ఇద్దరి నోళ్ళూ మూయించి, "చెప్పేదేదో పలక మీద రాసి చూపించుకోండి" అనేది గుర్తుందా? రాసేసరికి సగం కోపం అరిగిపోయేది. అందుకని ఇక నుంచి మనకి ఉత్తరాలే. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు కూడా.

సూటిగా అడుగుతున్నా. మా భవిత మీద మీ ఏజాక్స్ టీము కన్ను పడిందా లేదా? లేబర్ డే సెలవునాటి మ్యాచి అయిపోగానే, ఆ టీముని నడిపే నీ కోడలు షెర్లీ ఆ పిల్ల దగ్గరికెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ మాట్లాడింది. నా రెండు కళ్ళతో చూశాను. షెర్లీ నవ్వడం నేను ఆమె పెళ్ళిలో కూడా చూడలేదు.

మీకేం, పెద్ద ఊరు, టొరంటో పక్కన. తెలుగు ఆడపిల్లలు కోకొల్లలు. మీ బెంచీ మీద ఊరికే కూర్చున్నవాళ్ళతోనే ఇంకో టీము కట్టొచ్చు. మాకు ఉన్నదే ఆరుగురు. అందులో కావ్యశ్రీ మోకాలు చలికాలం వస్తే పనిచెయ్యదు. చరిత ఇక్కడే పుట్టిన పిల్ల, నేను ఏం చెప్పినా "ఓకే అంకుల్" అంటుంది, బంతి వస్తే మాత్రం పక్కకి తప్పుకుంటుంది. మిగతా ముగ్గురూ బంతి దొరికిన మరుక్షణం అది నిప్పులా కాలుతున్నట్టు భవితకి విసిరేస్తారు. బుట్టలో వేసేది భవిత ఒక్కతే. హన్మకొండ పిల్ల, అక్కడ స్టేట్ ఆడింది. పొద్దున కాఫీ షాపులో పని, పగలు కాలేజీ, శనివారం సాయంత్రం నా దగ్గర ప్రాక్టీసు. వచ్చిన కొత్తలో నా చేత నానా తిట్లూ తింది. ఇప్పుడు ఒక్క మాట అనను, పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నా.

ఆ పిల్ల పోతే టీము ఉండదు. టీము లేకపోతే చర్చివాళ్ళు మాకిచ్చిన హాలు ఉండదు. దాని మీద ఇప్పటికే చెక్క బ్యాట్లతో పికిల్‌బాల్ ఆడే ముసలాళ్ళ కన్నుంది, శనివారం తలుపు సందులోంచి తొంగి చూస్తుంటారు.

నీ దగ్గర దాపరికం ఎందుకు, ఇంకోటి కూడా ఉంది. నరసాపురంలో డ్రిల్ మాస్టార్ని, నేను రోడ్డు మీద నడుస్తుంటే పిల్లలు సైకిళ్ళు దిగేవారు. ఇక్కడ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతున్నా. దానికి సిగ్గుపడను, కానీ అందరికీ నేను అంకుల్‌నే. నన్ను "మాస్టారూ" అని పిలిచేది ఈ దేశం మొత్తం మీద ఆ పిల్ల ఒక్కతే. కాబట్టి షెర్లీని దూరంగా ఉండమను.

నీ తమ్ముడు,
ఎలియాజరు
కోచ్, లండన్ తెలుగు మహిళా బాస్కెట్‌బాల్ జట్టు


ఏజాక్స్
22 సెప్టెంబరు 2024

నేను అడ్డు రాలేనని సంబరపడుతున్న తమ్ముడికి,

నీ ఉత్తరంలో ప్రతి వాక్యానికీ అడ్డు వచ్చాను. "ఎవరితో పోట్లాడుతున్నావ్?" అని మీ బావ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి చూశారు.

ఒరేయ్ అబ్బాయ్, ఆ రోజు షెర్లీ నవ్వలేదురా. మీ కావ్యశ్రీ విసిరిన బంతి దవడకి తగిలి మూతి అలా వంకరపోయింది. రెండు రోజులు జావ తాగింది పాపం. భుజం మీద చెయ్యి వేసింది కూడా ప్రేమతో కాదు, కళ్ళు తిరిగి పట్టుకుంది. మీ భవితే మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టింది.

మాకు మీ పిల్ల ఎందుకురా? ఇక్కడ ఆడతామని వచ్చే వాళ్ళని ఎలా వద్దనాలో తెలియక షెర్లీ తల పట్టుకుంటోంది. మొన్న ఒకావిడ తన కూతుర్ని ఆడించలేదని నాతో మాట్లాడ్డం మానేసింది. పోయిన వారం నేను చేసిన రొయ్యల కూర కూడా ముట్టుకోలేదు.

నువ్వు మళ్ళీ ఎవరి ద్వారానో విని గుండెలు బాదుకుంటావని నేనే చెబుతున్నా. మొన్న శుక్రవారం భవిత ఏజాక్స్ వచ్చింది. ఎవరో స్నేహితురాలు గది మారుతుంటే సాయానికి వచ్చిందట. మనింటికి రమ్మని భోజనం పెట్టాను. తిని సోఫాలో అలా ఒరిగి నిద్రపోయింది, సాయంత్రం దాకా ఒళ్ళు తెలియలేదు. డేవిడ్‌సన్ గదిలోంచి దుప్పటి తెచ్చి కప్పాను. ఆ పిల్ల ఎందుకంత అలిసిపోతోందిరా? ఎప్పుడైనా అడిగావా?

మరదల్ని అడిగానని చెప్పు. సాక్ష్యాలు చెప్పే మరదలు నాకు అక్కర్లేదని కూడా చెప్పు.

మీ పిల్ల మీద ఏ కన్నూ వెయ్యని
మార్తక్క


లండన్
13 అక్టోబరు 2024

డేవిడ్‌సన్ తల్లి గారికి,

అర్థమైందక్కా, అంతా అర్థమైంది. షెర్లీ కాదు, డేవిడ్‌సన్! పెళ్ళీడుకొచ్చిన నీ చిన్నకొడుకు, వాడి గదిలోంచి దుప్పటి! కోడలైపోతే ఆ పిల్లని ఏజాక్స్‌కి ఆడకుండా ఎవడాపుతాడు? మా ఊరు చిన్నదే గానీ మేం మరీ అంత అమాయకులం కాదు. నీ బుర్రకి దండం పెట్టాలి.

అలిసిపోతోందా అని అడిగావు. ఆ వయసులో అలుపేమిటి? ఆ పిల్ల ఇక్కడ రాణీలా ఉంది. లండన్ తెలుగువాళ్ళందరం దాన్ని నెత్తిన పెట్టుకున్నాం. ముందు కెప్టెన్‌ని చేశాం. ఇంత చక్కగా ఆడే పిల్ల పాట కూడా పాడుతుందేమో అని అడిగితే పాడింది, అప్పటి నుంచి ఏ కార్యక్రమమైనా ప్రార్థనాగీతం దానిదే. మా చర్చి కోతపండుగకి వచ్చి, హిందువుల పిల్లయి ఉండి కూడా, ఎంత బాగా పాడిందనుకున్నావ్! బతుకమ్మకి మొత్తం ఏర్పాట్లు దాని చేతిలోనే పెట్టాం. చిన్నపిల్లలకి తెలుగు చెప్పేవాళ్ళు లేరంటే అదీ అప్పజెప్పాం. హాలు తాళాలు కూడా దాని దగ్గరే. ఇంత గౌరవం మీ ఏజాక్స్‌లో చేస్తారా?

మొన్న బతుకమ్మ రోజు శాలువా కప్పి సన్మానం చేశాం. మన జానకమ్మ గారు, అదే, జగిత్యాల ఆవిడ, కన్నీళ్ళు పెట్టుకుని "నువ్వు మా దిక్కు బిడ్డవు, మమ్మల్ని ఇడిసిపెట్టి పోకు" అంది. హాల్లో అందరూ ఏడ్చారు. భవిత కూడా ఏడ్చింది.

తిండి సంగతి చెప్పక్కర్లేదు. హాస్టల్ పిల్ల కదా అని వంతులు వేసుకున్నాం. కిచనర్ ఊరివాళ్ళతో మ్యాచి రోజున మాత్రం వంతు ఎవరిదో తేలక మూడిళ్ళవాళ్ళూ పిలిచారు. కాదంటే ఎవరు నొచ్చుకుంటారో అని పిల్ల మూడు చోట్లా తిన్నది. జానకమ్మ గారింట్లో సర్వపిండి, ఆ పైన పాయసం. మ్యాచి మొదలయ్యాక గాల్లోకి ఎగరాల్సిన పిల్ల నడుం పట్టుకుని నిలబడింది. ఓడిపోయాం. అయినా నేను నోరు మెదిపితే ఒట్టు.

అది సరే, నీకొక్కదానికే చెబుతున్నా. ఫౌల్ అయినప్పుడు గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డు రాకుండా వేసే షాటు ఉంటుంది చూడు, ఫ్రీ త్రో. అది వేసేటప్పుడు భవిత మోచెయ్యి బయటికి పోతుంది. మోచెయ్యి బయటికి పోతే బంతీ పక్కకి పోతుంది. వచ్చిన కొత్తలో వెంటపడి తిట్టి సగం సరిచేశాను. ఈ మధ్య మళ్ళీ పోతోంది. చూసి కూడా తల తిప్పుకుంటున్నా. ఎందుకొచ్చిన గొడవ, ఏదన్నా అంటే నొచ్చుకుని వెళ్ళిపోతే?

డేవిడ్‌సన్‌ని అదుపులో పెట్టు.

ఇట్లు,
మోసపోవడానికి సిద్ధంగా లేని
ఎలియాజరు


ఏజాక్స్
20 అక్టోబరు 2024

బుద్ధి ఉన్న తమ్ముడు ఎక్కడైనా ఉంటే అతనికి,

నువ్వు చేసిన నిర్వాకం విను.

డేవిడ్‌సన్ ఎడ్మంటన్‌లో ఉంటున్నాడు. రెండేళ్ళుగా ఇంటికి రాలేదు. ఆ గదిలో మీ బావ గారి పాత సూట్‌కేసులు, మడతపెట్టిన దుప్పట్లు, నా కుట్టుమిషనూ తప్ప ఇంకేం లేవు. అయినా నీ ఉత్తరం చదివాక, ఎందుకైనా మంచిదని వాడికి ఫోన్ చేశాను. "ఏరా, ఆ పిల్ల సంగతి నాకు తెలిసిపోయింది" అన్నాను. వాడు ఏడుపు గొంతుతో, "సారీ అమ్మా, క్రిస్మస్‌కి వచ్చి నేనే చెబుదామనుకున్నా. నీకెవరు చెప్పారు?" అన్నాడు. నా తమ్ముడు వెర్రివాడనుకున్నానే, వాడు చెప్పిందే నిజమా అనుకున్నా.

తీరా చూస్తే భవిత కాదురా! రాగిణి అట. కర్నూలు పిల్ల. వాడి ఆఫీసులోనే పనిచేస్తుందట. ఇద్దరూ కలిసి ఇల్లు కూడా చూసుకుంటున్నారట. మీ బావ ఆ రోజంతా వంటింట్లోంచి బయటికి రాలేదు. మర్నాడు "కర్నూలు వాళ్ళు కారం బాగా తింటారు, మనకి సరిపోతుందిలే" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

ఆ పిల్లతో వీడియోలో మాట్లాడాను. ఒద్దికగానే ఉంది. నీ పిచ్చి నాకూ అంటుకుందిరా, మొదటి ప్రశ్నే "బాస్కెట్‌బాల్ ఆడతావా అమ్మా?" అని అడిగాను. వాలీబాల్ అట.

నీ పుణ్యమా అని నాకు కోడలు దొరికింది, అందుకని ఈసారికి క్షమిస్తున్నా. మీ భవితని ఏం చేస్తున్నారో మాత్రం మరోసారి చదువుకో. పాట, పాఠం, పండగ, తాళాలు, పైగా మూడిళ్ళ భోజనం. అది రాణీలా ఉందా, ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడల్లా ఉందా?

మార్తక్క


లండన్
1 డిసెంబరు 2024

అక్కా,

వందనాలు చెప్పే ఓపిక లేదు. భవిత వెళ్ళిపోతోంది.

చదువులో ఆఖరి భాగం కో-ఆప్ అట, ఏదో ఒక కంపెనీలో పనిచెయ్యాలి. జనవరి నుంచి మీ ఏజాక్స్ పక్కన ఆఫీసులో. నిన్న ప్రాక్టీసయ్యాక హాలు తాళాలు నా చేతిలో పెట్టి, తల వంచుకుని, "మాస్టారూ, షెర్లీ అక్కని అడిగిన, అక్కడ టీముల చేరుత" అంది. నేను "మంచిదమ్మా" అన్నాను.

అంతటితో అయితే ఊరుకుందును. ఇంటికొచ్చాక నీ మరదలు చెప్పింది, లండన్‌లోనే ఇంకో కంపెనీ కూడా ఆ పిల్లకి చోటిస్తానందట. వద్దని ఏజాక్స్ ఎంచుకుందట. అంటే పని కోసం కాదు. మమ్మల్ని వదిలించుకోడానికే.

ఏం తక్కువ చేశామే? తిండి తక్కువైందా? మర్యాద తక్కువైందా? ఒక్కసారైనా గట్టిగా మాట్లాడామా? కన్నకూతురికి కూడా ఇంత చెయ్యలేదు నేను. మీ ఏజాక్స్ వాళ్ళు ఏం ఆశ చూపించారు? కొత్త బూట్లా? పెద్ద హాలా? స్కోరు తిరిగే కరెంటు బోర్డా? మాకు స్కోరు సుద్దముక్కతో రాస్తారు, అది చూసి నామోషీ అయిందా? నిజం చెప్పు.

చర్చి ఆఫీసులో అడిగారు, ఐదుగురితో ఎన్నాళ్ళు నడుపుతారని. కావ్యశ్రీ ఇప్పటికే కుంటుతోంది. మార్చిలో మీతో కప్పు మ్యాచి. అందులో ఎలా ఆడతామో చూసి హాలు గురించి ఆలోచిస్తామన్నారు. పికిల్‌బాల్ ముసలాయన ఒకడు నన్ను చూసి జాలిగా నవ్వాడు.

ఆ పిల్లని వెనక్కి పంపు.

ఎలియాజరు

డిసెంబరు 20. తపాలా సమ్మె వల్ల ఈ ఉత్తరం ఇన్నాళ్ళూ ఫ్రిజ్ మీదే ఉంది. రోజూ తీసి చదువుకున్నా. అమ్మ చెప్పిన పలక సూత్రం ఈసారి పనిచెయ్యలేదు, కోపం తగ్గకపోగా పెరిగింది. భవితకి వీడ్కోలు సభ పెట్టి మళ్ళీ శాలువా కప్పాం. ఇంకోటి, ఆ రాగిణి ఎత్తెంత?


ఏజాక్స్
19 జనవరి 2025

అలిగిన కోచ్ గారికి,

రాగిణి నా భుజం దాకా వస్తుంది. ఆశలు పెట్టుకోకు.

నీ ఉత్తరం కొత్త సంవత్సరం అయ్యాక చేరింది. వెంటనే తిరిగి రాయకపోవడానికి కారణం ఉంది. నువ్వు అడిగినదానికి జవాబు నాకూ తెలియదు, తెలుసుకుని రాద్దామని ఆగాను.

ముందు మా తప్పు చెబుతా. మీ బంగారుకొండని షెర్లీ బెంచీ మీద కూర్చోబెట్టింది. నిజంరా. మొదటి మ్యాచిలో ఆఖర్లో కాసేపు, రెండో మ్యాచిలో అదీ లేదు. "అందరిలాగే వంతు వస్తుంది అత్తయ్యా" అంటుంది. నాకు తల కొట్టేసినట్టయింది. మా తమ్ముడు నెత్తిన పెట్టుకున్న పిల్లని తెచ్చి బల్ల మీద కూర్చోబెడతావా అని షెర్లీతో పోట్లాడాను. మీ బావ మధ్యలో కూర్చుని ఇద్దరికీ చెరో కప్పు టీ ఇచ్చారు.

ఆ తర్వాత భవితని ఇంటికి పిలిచి, క్షమాపణ చెబుదామని కూర్చోబెట్టాను. అది నవ్వడం మొదలుపెట్టింది. ఇక్కడికొచ్చాక మొహం తేటపడిందిరా. బెంచీ మీద పల్లీలు తింటూ, పక్క పిల్లల్తో కబుర్లు చెబుతూ, చప్పట్లు కొడుతూ కూర్చుంటుంది. అది అన్నది అన్నట్టే రాస్తున్నా, మధ్యలో అడ్డు రాకు.

"ఆంటీ, లండన్ల అందరు మస్తు మంచోళ్లు. అదే కష్టమైంది. నేను బాల్ మిస్సయితే జానకమ్మ ఆంటీ రెండు రోజులు మంచిగ తినకపోయేది. నేను పాడకపోతే పండుగ ఆగిపోతదని చెప్పేటోళ్లు. వద్దు అందామంటే శాలువా కప్పిండ్రు గదా, ఎట్ల అంట? ఇక్కడ నేను మిస్సయితే నా పక్క పిల్ల వేస్తది. అంతే."

"మరి మా ఎలియాజరు ఏమన్నా అన్నాడా?" అని అడిగాను. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

"మాస్టారు ఏమంటలేరనే ఆంటీ నా బాధ. నేను ఆ టీముల చేరిందే ఆయన తిట్ల కోసం. మా హన్మకొండ సార్ కూడ అట్లనే తిట్టేటోడు. మొదట్ల మాస్టారు 'మోచెయ్యి, మోచెయ్యి' అని చెవులు మోగేటట్టు అరిచేటోళ్లు, ఇంటికి పోయి అద్దం ముంగట నిలబడి ప్రాక్టీసు చేసేదాన్ని. కెప్టెన్ అయినంక ఏం అనుడు బంద్ చేసిండ్రు. మోచెయ్యి పోతున్నది నాకు తెలుస్తది, ఆయనకు కనపడ్తది. చూసి తల తిప్పుకుంటరు. ఇగ నాకు ఇంతకంటె రాదని ఇడిసిపెట్టిండ్రు అనుకున్న. షెర్లీ అక్క మొదటి రోజే నా మీద అరిచింది. ఆ రోజు కంటినిండ నిద్రపోయిన ఆంటీ."

విన్నావా? బూట్లూ కాదు, బోర్డూ కాదు. ఆ పిల్ల వెళ్ళిపోతుందని భయపడి, అది నీ దగ్గరికి దేనికోసం వచ్చిందో దాన్నే ఇవ్వడం మానేశావు. నాకు నీ మీద కోపం రావట్లేదురా, జాలేస్తోంది.

మార్తక్క


లండన్
26 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి చించేద్దామనుకున్నా. నీ మరదలు లాక్కుని చదివి "వదిన సరిగ్గానే రాసింది" అంది. ఈ ఇంట్లో నా పక్షాన ఎవరూ లేరు.

ఇడిసిపెట్టానా? నేనా? నరసాపురంలో ముప్పై ఏళ్ళు పిల్లల మోచేతులు చూసినవాణ్ణి, చూడకుండా తల తిప్పుకోవడం ఎంత కష్టమో ఆ పిల్లకేం తెలుసు? పళ్ళు బిగబట్టుకుని నిలబడేవాణ్ణి. భయమేసిందే అక్కా. మందలిస్తే పోతుందేమోనని, పోతే నన్ను మాస్టారూ అనేవాళ్ళే ఉండరని. అనకపోయినా పోయింది. ఏం చెయ్యమంటావు ఇప్పుడు?

మార్చి రెండో తారీఖు ఐదుగురమే వస్తాం. ఓడిపోతాం. షెర్లీకి చెప్పు, మరీ చిత్తుగా ఓడించొద్దని. జానకమ్మ గారు మీ అందరికీ సకినాలు పంపిస్తానంటోంది. ఓడించేవాళ్ళకి సకినాలెందుకు అంటే వినదు, వాటిలో సగం భవితకట.

ఎలియాజరు


ఏజాక్స్
3 మార్చి 2025

మా జట్టుకి కప్పు గెలిపించిన పరాయి కోచ్ గారికి,

నిన్న నువ్వు ఒక్క మాటైనా చెప్పకుండా వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయావు. ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకని మళ్ళీ పలకే.

ఒరేయ్ ఎలియాజరూ, ఇంతకాలం మ్యాచులు చూస్తున్నా గానీ ఇలాంటిది చూడలేదురా. మీ ఐదుగురూ అలా ఆడతారని ఎవరైనా అనుకున్నారా? విసిరెయ్యడానికి భవిత లేకపోయేసరికి, చేతిలోకి వచ్చిన బంతిని ఏం చెయ్యాలో తెలియక వాళ్ళే వెయ్యడం మొదలుపెట్టారు. ఆ చరితకి తను వేసిన మొదటి బంతి పడగానే ఎంత ఆశ్చర్యమో, ఆడ్డం మానేసి చేతులు చూసుకుంటూ నిలబడింది. కావ్యశ్రీ కుంటుతూనే అడ్డం పడి మా వాళ్ళని ముందుకు పోనివ్వలేదు. షెర్లీకి చెమటలు పట్టి ఆఖర్లో భవితని దింపింది.

ఇంక కొద్ది క్షణాలే ఉన్నాయి, మీరు ఒక్క పాయింటు ముందున్నారు. భవితకి ఫౌల్, రెండు ఫ్రీ త్రోలు. రెండూ పోతే కప్పు మీది, హాలు మీది. భవిత బంతి ఎత్తింది. అప్పుడు నీ కేక! "భవితా! మోచెయ్యి!" అని నువ్వు కేకేస్తే, కునుకు తీస్తున్న మీ బావ ఉలిక్కిపడి లేచి ప్రార్థనేమో అనుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ పిల్ల మోచెయ్యి లోపలికి పెట్టింది. పడింది.

స్కోరు సమానం. రెండో షాటప్పుడు నేను బంతిని చూడలేదురా, నిన్నే చూశాను. తువ్వాలు నోట్లో కుక్కుకున్నావు. మొహం కందిపోయింది. అంతలోనే దాన్ని బయటికి లాగేసి, "మోకాళ్ళు వంచవే మొద్దూ!" అన్నావు. వంచింది. మేం గెలిచాం. రిఫరీ కుర్రాడు నిన్ను మందలించాలో, మా వైపు కూర్చోమనాలో తెలియక నిలబడిపోయాడు.

భవిత కప్పు దగ్గరికి రాలేదు. నీ బెంచీ దగ్గరికి పరిగెత్తింది, నువ్వు అప్పటికే లేవు. "మాస్టారు నన్ను మొద్దు అన్నరు ఆంటీ" అని నన్ను పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. ఎత్తుగా ఉంటుంది కదా, నా కళ్ళజోడు దాని జాకెట్ జిప్పులో చిక్కుకుంది.

మీ పిల్లలు నిన్ను వ్యాన్‌లో ఏమన్నా చేశారా? అదే భయంగా ఉంది. వెంటనే రాయి.

మార్తక్క


లండన్
9 మార్చి 2025

అక్కకు,

చెక్కుచెదరకుండానే ఉన్నాను. కానీ వ్యాన్ ఎక్కినప్పుడు నేనూ అదే అనుకున్నా. హైవే ఎక్కాక అందరూ కిటికీల వైపు తిరిగి కూర్చున్నారు. చేతికొచ్చిన కప్పుని నా నోటితోనే పోగొట్టాను. క్షమించండర్రా అని చెబుదామని రెండుసార్లు వెనక్కి తిరిగి, సీటుబెల్టు సర్దుకుని మళ్ళీ ముందుకి తిరిగాను. వుడ్‌స్టాక్ దగ్గర టీకి ఆగినప్పుడు చరిత నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ పిల్ల మాటలు ఎలా ఉంటాయో నీకు తెలుసు కదా.

"అంకుల్, టూ ఇయర్స్ నేను మీ టీమ్‌లో ఉన్నా. ఒక్కసారి కూడా మీరు నాకు 'మోచెయ్యి' అనలేదు. వై?"

నేను టీలో చెంచా తిప్పుతూ కూర్చున్నాను.

"ఐ చెక్డ్," అంది. "వీడియో తీయించుకుని చూశాను. నాది కూడా బయటికే వెళ్తోంది. భవితక్క వేరే టీమ్, అయినా మీరు చెప్పారు. మేము మీ టీమ్. మాది ఎవరు చూస్తారు?"

వెనకాల కావ్యశ్రీ కూడా "అవును" అంది. అక్కా, నాకు తలెత్తి వాళ్ళ మొహాలు చూసే ధైర్యం లేకపోయింది. ఒక్క పిల్ల వెళ్ళిపోతుందేమో అన్న బెంగలో, వెళ్ళకుండా నన్నే అంటిపెట్టుకుని ఉన్న ఐదుగురు నాకు కనబడలేదు. వాళ్ళు పక్కకి తప్పుకుంటారని నీకు రాశానే, ఎలా పట్టుకోవాలో వాళ్ళకి ఎవరు చెప్పారు?

నిన్న శనివారం ప్రాక్టీసు పెట్టాను. మొదటి నిమిషం నుంచి అరిచాను. నరసాపురంలో అరిచినట్టే అరిచాను. కావ్యశ్రీ మోకాలు పనిచెయ్యకపోవడం కాదు, కాళ్ళు దగ్గరగా పెట్టి దూకుతోందని ఇన్నాళ్ళకి చూశాను. చరిత మోచెయ్యి నిజంగానే ఘోరం, భవితకంటే ఘోరం. ఆ మాట చెబితే మురిసిపోయింది. జానకమ్మ గారు తలుపు దగ్గర నిలబడి "పిల్లలను గంత తిడుతరా, పాపం" అని నన్ను తిట్టి, తెచ్చిన గారెలు అందరికీ సమానంగా పంచింది. చర్చి ఆఫీసావిడ చూసిపోయింది, జూన్ దాకా హాలు మీదేనంది. పికిల్‌బాల్ ముసలాయన వచ్చి, తన బ్యాటు తెచ్చి, తన మోచెయ్యి కూడా కాస్త చూడమని అడిగాడు. చూశాను. అది బాగుపడే మోచెయ్యి కాదు.

మొన్న భవిత ఫోన్ చేసింది. వీలున్న శనివారాలు బస్సెక్కి వస్తానంది. "ఆడనీకి కాదు మాస్టారూ, తిట్లకి" అంది. రమ్మన్నాను. పాట పాడమనం, తాళాలివ్వం, భోజనం ఒక్కింట్లోనే అని మాటిచ్చాను. షెర్లీకి అభ్యంతరమైతే మొహం వంకరపెట్టుకోమను, అలవాటే కదా.

ఈ వారమంతా నీకు ఫోన్ చెయ్యకపోవడానికి కారణం కోపం కాదు, సిగ్గు. ఇప్పుడు చేద్దామంటే నిన్నటి అరుపులకి గొంతు పోయింది. వచ్చే శనివారానికి మళ్ళీ కావాలి కాబట్టి మాట్లాడొద్దని నీ మరదలి ఆజ్ఞ.

నిన్న ప్రాక్టీసు అయ్యాక అందరూ చలికోట్లు తొడుక్కుని వెళ్ళిపోతున్నారు. చరిత తలుపు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి, "సీ యూ సాటర్‌డే, మాస్టారూ" అంది. నేను వెంటనే స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి బంతుల్లో గాలి చూస్తున్నట్టు చాలాసేపు కూర్చున్నాను.

నీ తమ్ముడు,
ఎలియాజరు
డ్రిల్ మాస్టారు, లండన్